దేశం మొత్తానికి ఒకే మార్కు వేస్తే తిరుపతి హోటల్‌కు పనికొస్తుందా?

మంగళం రోడ్డు:
విదేశీ యాత్రికుల్ని పంపే కంపెనీలు ఇప్పుడు ఇక్కడి హోటళ్లకు ఓ ప్రశ్నావళి పంపుతున్నాయి: మీ దగ్గర మానవ హక్కుల ముప్పు ఎంత, ఎక్కడ అని. ఏదో ఒక అంతర్జాతీయ సూచీ తెరిచి, భారత్‌కు ఇచ్చిన గ్రేడు ఎత్తి రాసేస్తే పని అయిపోయిందనుకుంటున్నారు. ఆ గ్రేడుతో తిరుపతిలోని 60 గదుల హోటల్ గురించి తెలిసేది సున్నా అంటాను. కాదనేవాళ్లు చెప్పండి.

పద్దుపుస్తకం:
కాదంటాను. పైనుంచి చదవకపోతే కింద ఏం వెతకాలో తెలీదు. బాలకార్మికుల మీద అంతర్జాతీయ కార్మిక సంస్థ (ఐఎల్‌ఓ) 138, 182 ఒప్పందాలను భారత్ 2017లో ఆమోదించింది. సంఘం పెట్టుకునే హక్కు, పనివాళ్లంతా కలిసి యజమానితో బేరమాడే హక్కు గురించిన 87, 98 మాత్రం ఆమోదించలేదు. కాబట్టి హోటల్లో ఫిర్యాదుల పెట్టె ఖాళీగా ఉంటే "సమస్యల్లేవు" అని రాసుకోవడం తప్పు. అడిగే ధైర్యం ఎవరికీ లేదేమో అని అనుమానించాలి. ఆ అనుమానం నేర్పేది దేశం స్థాయి అధ్యయనమే.

మంగళం రోడ్డు:
ట్రేడ్ యూనియన్లకు చట్టం 1926 నుంచీ ఉంది కదన్నా. చిక్కు సంతకంలో లేదు, కాంట్రాక్టులో ఉంది. హౌస్‌కీపింగ్, లాండ్రీ, సెక్యూరిటీ ముగ్గురు కాంట్రాక్టర్ల చేతిలో ఉంటే హోటల్ రిజిస్టర్లో ఆ పనివాళ్ల పేర్లే ఉండవు. ఏ సూచీకీ అది కనపడదు.

కపిలతీర్థం వైపు:
ఇద్దరూ ఒక సంగతి వదిలేశారు. ముప్పు ఎవరికి? చాలా హోటళ్ల జవాబుల్లో దొంగతనాలు, విదేశీ ప్రభుత్వాల ప్రయాణ హెచ్చరికలు రాస్తున్నారు. అది అతిథికి, వ్యాపారానికి వచ్చే ముప్పు. 2011 నాటి ఐక్యరాజ్యసమితి మార్గదర్శక సూత్రాలు అడిగేది వేరు: మీ పని వల్ల మనుషులకు ఏం జరుగుతుంది అని.

రెండో తప్పు లెక్కలో. జరిగే అవకాశానికి 5కి ఇన్ని, తీవ్రతకు 5కి ఇన్ని అని మార్కులేసి, రెండూ గుణించి పట్టిక నింపుతారు. ఓవర్‌టైం డబ్బు నెలనెలా ఆలస్యం: 5 ఇంటూ 1, ఐదు. సెప్టిక్ ట్యాంకులో మనిషి చనిపోవడం: 1 ఇంటూ 5, అదీ ఐదే! ఆ సూత్రాల ప్రకారం అన్నీ ఒకేసారి చేయలేనప్పుడు తీవ్రమైనది ముందు. దెబ్బ ఎంత పెద్దది, ఎంతమందికి, తిరిగి సరిదిద్దగలమా అన్న మూడిటినీ బట్టే తీవ్రత. చావును సరిదిద్దలేం కాబట్టి గుణకారం ఎంత వచ్చినా ట్యాంకే మొదటి వరుస.

ట్యాంకు దగ్గర చూడాల్సింది ఇదీ. చేతులతో మలం ఎత్తే పనిని నిషేధించిన 2013 చట్టం ప్రకారం రక్షణ సరంజామా లేకుండా మనిషిని దించడం నేరం. పైపుతో మురుగు లాగే సక్షన్ లారీ బిల్లు అడగండి. అది చాలదు, అడుగున గట్టిపడిన మడ్డిని పైపు లాగలేక చివర్లో ఒకణ్ణి దించుతారు, ప్రాణం పోయేది అక్కడే. హైడ్రోజన్ సల్ఫైడ్ గాఢత పెరిగితే ముక్కు ఆ వాసనే పట్టదు. మొదటివాడు పడిపోతాడు, తీయడానికి దిగినవాడూ పడిపోతాడు. మురుగు పనిలో చనిపోయినవారి కుటుంబాలకు పరిహారాన్ని సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో 10 లక్షల నుంచి 30 లక్షలకు పెంచింది. "మనిషి దిగడు" అన్న షరతు కాంట్రాక్టు కాగితంలో ఉందా లేదా, అది చాలు తెలిసిపోవడానికి.

స్టేషన్ ఎదురు:
సామీ, ఇదంతా పెద్ద హోటళ్లకు బాగుండాది. 20 గదుల లాడ్జి, పద్దులో 8 మంది. వాడు యాడ చేస్తాడు ఇయ్యన్నీ?

పద్దుపుస్తకం:
ఆ 8 దగ్గరే తప్పు సామీ. పని ప్రదేశంలో లైంగిక వేధింపుల చట్టం, 2013 లెక్కలో కాంట్రాక్టు ఆడవాళ్లు, రోజుకూలీలు కూడా ఉద్యోగులే. గదులు ఊడ్చే ముగ్గుర్ని కలిపితే 11. 10 మంది, ఆపైన ఉంటే ఆ ఫిర్యాదులు వినే లోపలి కమిటీ పెట్టాల్సిందే. 10 కంటే తక్కువుంటే జిల్లా స్థానిక కమిటీ ఉంది, దాని వివరాలు వంటింటి గోడ మీద వాళ్లకొచ్చిన భాషలో ఉండాలి.

చిన్న లాడ్జికి ఒక పూట చాలు. మధ్యాహ్నం భోజనాలయ్యాక, సూపర్‌వైజర్ లేకుండా, నలుగురితో విడివిడిగా మాట్లాడండి. ఒడియా, బెంగాలీ కుర్రాళ్లుంటే దుబాసీగా మేస్త్రీని పిలవొద్దు, ఆ కుర్రాళ్లను పనికి తెచ్చినవాడే అతను. జీతాల రిజిస్టర్ కాదు, బ్యాంకు పాస్‌బుక్ చూడండి. జీతం పడిన రోజే ఏటీఎంలో తీసిన ఒకే మొత్తం నెలనెలా కనిపిస్తే వెనక్కి ఎవరికో పోతోందేమో అని అనుమానించాలి. ఒరిజినల్ ఆధార్ కార్డు ఎవరి బీరువాలో ఉందో అడగండి. కప్పులు కడిగే పిల్లాడి వయసుకు ఆధార్ కాదు, బడి సర్టిఫికెట్ చూడాలి. 14 ఏళ్ల లోపు పిల్లల్ని హోటళ్లలో పెట్టుకోవడం 2006 అక్టోబరు 10 నుంచే నిషేధం.

కపిలతీర్థం వైపు:
ట్రావెల్స్ మాట ఎవరూ ఎత్తలేదు. చెన్నై నుంచి ఒక్కరోజు దర్శనం ప్యాకేజీ చూడండి. తెల్లవారుజామున 4కి బయలుదేరి, రాత్రి 10 దాటాక పుత్తూరు, తిరుత్తణి మీదుగా వెనక్కి. ఒకే డ్రైవరు. క్యూలో యాత్రికులున్నంతసేపూ అతను పడుకున్నాడని లెక్క వేస్తారు, నిజానికి ఎండలో బండి కాపలా. ఈ ముప్పును సృష్టించింది ప్యాకేజీ రేటే. రెండో డ్రైవరుకు, బసకు అందులో పైసా లేదు.

స్టేషన్ ఎదురు:
రేటు పెంచితే యాత్రికుడు పక్క బండి ఎక్కుతాడన్నా.

కపిలతీర్థం వైపు:
ఎక్కుతాడు. అందుకే ప్రశ్నావళి పంపిన కంపెనీకే జవాబులో రాయాలి: మీరిచ్చే రేటులో డ్రైవరు బస లేదు, విడిగా కలపండి అని. ముప్పులో వాళ్ల వాటా కూడా ఉంది.

పద్దుపుస్తకం:
ఆ కంపెనీ మీ మాట ఎందుకు వింటుంది? తన దేశంలో చట్టం అడుగుతుంది కాబట్టి. చూశారా, మళ్లీ దేశం దగ్గరికే వచ్చాం.

మంగళం రోడ్డు:
వచ్చాం గానీ, వాళ్ల దేశం దగ్గరికి. భారత్ గ్రేడు ఇంకా ఎక్కడా అక్కరకు రాలేదన్నా.