ఎండిన తుమ్మ మొద్దు కోస్తుంటే బ్యాండ్ రంపం వంకర పోతోంది, ఏం చేయాలి?

అందరికీ నమస్కారం. పొలం గట్ల మీద పడిపోయిన చెట్లు కోసుకుందామని పోయిన ఏడాది చిన్న బ్యాండ్ రంపం మిషన్ (రెండు చక్రాల మీద తిరిగే పట్టీలాంటి బ్లేడుతో కోసేది) తీసుకున్నాం, పెట్రోల్ ఇంజన్‌ది, పట్టాల మీద చేత్తో తోసేది. మామిడి, వేప బాగానే కోసింది. ఇప్పుడు ఏడాదికి పైగా ఎండిన నల్లతుమ్మ మొద్దులు పెడితే మొదటి రెండడుగులు తిన్నగా వెళ్లి, చేవలో ముడి తగలగానే బ్లేడు పైకి లేచి మళ్లీ దిగుతోంది, పలక ఒకచోట అంగుళం ఉంటే ఇంకోచోట అంగుళన్నర వస్తోంది.

బ్లేడు వెడల్పు అంగుళంపావు, పళ్ల కోణం (పళ్లు ముందుకి వంగి ఉండే కోణం) 10 డిగ్రీలు. కొత్త బ్లేడు వేసినా అదే తీరు, కాబట్టి పదును ఒక్కటే కారణం కాదనుకుంటున్నా. బ్లేడు టెన్షన్ (బిగువు) పెంచాను, బ్లేడుని తిన్నగా పట్టి ఉంచే కదిలే గైడ్ రోలర్‌ని మొద్దుకి దగ్గరగా జరిపాను, నీళ్లలో కాస్త సబ్బు కలిపి బ్లేడు మీద పడేలా పెట్టాను. కొంత తగ్గింది, పూర్తిగా పోలేదు. మెల్లగా తోస్తే బ్లేడు వేడెక్కుతోంది, అదొక భయం.

తుమ్మలాంటి గట్టి కర్రకి 4 లేదా 7 డిగ్రీల బ్లేడు వాడినవాళ్లు ఉన్నారా, నిజంగా తేడా ఉందా? బ్లేడు తిరిగే చక్రాల మీది రబ్బరు బెల్టులు అరిగి చదునుగా అయ్యాయి, దానివల్ల కూడా ఇలా అవుతుందా? మొద్దుల్ని కొన్నాళ్లు చెరువులో నానబెట్టి కోయమని ఊళ్లో పెద్దాయన అన్నారు, అలా చేసి చూసినవాళ్లు చెప్పండి. మా తాతగారు నాటిన చెట్లు ఇవి, ఇంకో పలక పాడవకముందే తెలుసుకోవాలని అడుగుతున్నా.