మూడుసార్లు అలైన్‌మెంట్ చేపిచ్చిన, అయినా కారు పక్కకి గుంజుతుంది. ఏం చూడాలె?

హైవే 65 | శనివారం రాత్రి 10:50
అన్నలారా, నా వల్ల అయితలేదు. పొద్దున్నుంచి ఇదే పని మీద ఉన్న. కారు పక్కకి గుంజుతుంది. చక్రాల కోణాలు సరిచేసే అలైన్‌మెంట్ మూడుసార్లు చేపిచ్చిన, రెండు వేరే వేరే షాపుల్ల. బ్యాలెన్సింగ్ అయింది. గాలి చూపిచ్చిన. ఇయ్యాల నకిరేకల్ దాటినంక ఎనభై మీద పోతుంటే పక్కన లారీ దిక్కు ఒరిగింది. అమ్మ పక్క సీట్ల కూసుంది, రెండు చేతులతోని డ్యాష్‌బోర్డు పట్టుకుంది. బుధవారం పెండ్లికి విజయవాడ పోవాలె, ఇంటోళ్లందరు ఇదే బండిల. షాపాయన 'రిపోర్టు అంత పచ్చగనే ఉంది, అంకెలన్ని హద్దులల్లనే ఉన్నయి, మీ అనుమానం' అంటుండు. నా అనుమానం కాదన్నా, చేతికి తెలుస్తది కదా. ఎవరికన్న ఇట్ల అయిందా?

ఒక్కముక్క | 10:58
ఏ బండి. ఎన్ని కిలోమీటర్లు. ఎటు లాగుతుంది. బ్రేకు కొడితేనా, ఊరికేనా.

గాలి లెక్క | 11:20
గాలి చూపించాను అన్నారు. ఎప్పుడు చూపించారండీ? బండి ఇరవై ముప్పై కిలోమీటర్లు తిరిగాక బంకులో చూపిస్తే ఆ అంకె పనికిరాదు. వేడి మీద టైరులో ప్రెషర్ మూడు నాలుగు పీఎస్‌ఐ పెరిగి కనిపిస్తుంది. 'ఎక్కువైంది' అని అబ్బాయి తీసేస్తాడు, తెల్లారేసరికి టైరు మెత్తబడుతుంది. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు సొంత గేజీతో చూసుకోండి. డ్రైవర్ డోరు తీస్తే స్టిక్కర్ ఉంటుంది, దాని మీద ఎంత రాసి ఉంటే అంత. ముందు టైర్లలో ఒక దానికి గాలి తగ్గితే బండి ఆ పక్కకే పోతుంది, ఇందులో రెండో మాట లేదు.

ఇంకో సంగతి. నైట్రోజన్ పట్టించాం కదా అని నెలల తరబడి గేజీ పెట్టనివాళ్లను రోజూ చూస్తున్నాను. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది. నైట్రోజన్ పట్టించినా టైరు గాలి తగ్గుతుంది, వాల్వు కారుతుంది, మేకు దిగుతుంది. డబ్బు పెట్టి పట్టించిన ధీమాతో రెండు వారాలకోసారి చూసే అలవాటు పోతోంది, నా బాధ అది. టైరు పక్కన నాలుగంకెలు కూడా చూడండి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైనదని. ముందు రెండు టైర్లు ఒకే కంపెనీవి, ఒకే అరుగుదలవి కాకపోయినా బండి లాగుతుంది.

హైవే 65 | 11:34
గాలి పొద్దుగాలనే చూపిచ్చినన్నా. నైట్రోజన్ కాదు, మామూలు గాలే. టైర్లు నాలుగూ ఒకటే కంపెనీ, పోయిన ఏడాదే ఏసినం. చిన్న డీజిల్ కారు, 2013 మోడల్, లక్షా పద్దెనిమిది వేలు తిరిగింది. బ్రేకుతోని సంబంధం లేదు, ఊరికెనే గుంజుతది. ఒకసారి ఎడమకి, ఒకసారి కుడికి.

రోడ్డు పనులు | ఆదివారం ఉదయం 6:15
నేను రహదారుల పనుల్లో ఉంటాను కాబట్టి చెబుతున్నాను. ప్రతి లాగుడూ బండి రోగం కాదు. వాన నీరు నిలవకుండా తారు రోడ్డును సుమారు 2 నుంచి 2.5 శాతం వాలుతో వేస్తాం. మీటరు వెడల్పుకు రెండు, రెండున్నర సెంటీమీటర్లు. మధ్యలో డివైడర్ ఉన్న హైవేలో ఆ వాలు సాధారణంగా బయటి అంచు వైపు, అంటే మన నడకలో ఎడమకు ఉంటుంది. స్టీరింగ్ వదిలితే ఏ మంచి బండి అయినా మెల్లగా ఎడమకు జారుతుంది. దీన్నే క్యాంబర్ అంటాం. మీ సమస్య క్యాంబర్ అని నా అభిప్రాయం. సమతలంగా ఉన్న పెద్ద మైదానంలో నడిపి చూడండి.

షీటు చదివేవాడు | 7:02
సార్, క్యాంబర్ అంటే చక్రం పైభాగం లోపలికో బయటికో వాలడం. అలైన్‌మెంట్ షీటులో ఉండేది అదే. ఆయన రిపోర్టు పచ్చగా ఉంది అన్నాక క్యాంబర్ సమస్య ఎలా అవుతుంది?

రోడ్డు పనులు | 7:10
నేను రోడ్డు క్యాంబర్ గురించి చెబుతున్నాను. ఆ మాట మా పుస్తకాల్లోనూ ఉంది.

షీటు చదివేవాడు | 7:25
ఉండొచ్చు సార్, కానీ కారు గురించి అడిగినప్పుడు క్యాంబర్ అంటే ఆయన మళ్లీ షాపుకి పోయి 'నా క్యాంబర్ సరిచేయండి' అంటాడు. చాలా చిన్న కార్లలో ముందు టో (చక్రాల ముందంచులు లోపలికో బయటికో తిరిగి ఉండటం) ఒక్కటే సర్దడానికి వీలుంటుంది, క్యాంబర్‌కి బోల్టే ఇవ్వరు. ఇంకో వెయ్యి పోతుంది. అన్నా, పచ్చగా ఉంటే సరిపోదు, షీటు ఫొటో పెట్టు. రంగు కాదు, ఎడమ కుడి అంకెల తేడా చూడాలి. క్యాంబర్ ఏ పక్క ఎక్కువ ప్లస్‌లో (చక్రం పైభాగం బయటికి) ఉంటే బండి అటు పోతుంది. క్యాస్టర్, అంటే స్టీరింగ్ తిప్పినప్పుడు చక్రం తిరిగే ఇరుసు వెనక్కి వాలిన కోణం, ఏ పక్క తక్కువుంటే అటు పోతుంది. రెండు అంకెలూ విడివిడిగా పచ్చలో ఉండి, వాటి మధ్య తేడా అర డిగ్రీ దాటినా చేతికి తెలుస్తుంది. టో తప్పితే మామూలుగా టైరు అరుగుతుంది, బండి ఒక పక్కకి లాగదు. ఇక బ్యాలెన్సింగ్‌కీ లాగుడుకీ సంబంధమే లేదు, అది వణుకు పోవడానికి.

ఒక్కముక్క | 7:40
ముందు టైర్లు రెండూ అటూ ఇటూ మార్చు. లాగే దిక్కు మారితే టైరే. మారకపోతే టైరు కాదు. టైరు మీద తిరిగే దిక్కు బాణం ఉంటే మార్చకు.
బ్రేకు ఎక్కువ వాడకుండా పది కిలోమీటర్లు నడిపి ఆపు. రిమ్ముల దగ్గర చెయ్యి పెట్టు, తాకకు. ఒకటే కాలుతుంటే ఆ చక్రం బ్రేకును నొక్కే క్యాలిపర్ పట్టేసింది.

హైవే 65 | మధ్యాహ్నం 1:20
రెండూ చేసిన. టైర్లు మార్చినా అట్లనే ఉంది. రిమ్ములు అన్నీ ఒకటే తీరు వెచ్చగున్నయి. షీటు ఫొటో పెడుతున్న. క్యాస్టర్ ఎడమ 3.2, కుడి 3.1. తలకాయ పనిచేస్తలేదు అన్నా.

షీటు చదివేవాడు | 1:31
షీటు బాగుంది. అలైన్‌మెంట్ షాపుకి మళ్లీ వెళ్లొద్దు.

పాత షెడ్డు | 3:05
తమ్ముడూ, రాత్రి నువ్వు రాసిన మాట ఒకటి ఎవరూ పట్టించుకోలేదు. 'ఒకసారి ఎడమకి, ఒకసారి కుడికి' అన్నావు. లాగడం వేరు, బండి ఆడటం వేరు. టైరైనా, క్యాస్టరైనా, రోడ్డు వాలైనా మామూలుగా ఒకే పక్కకి లాగుతాయి, మలుపు మలుపుకీ దిక్కు మార్చవు. దిక్కు మారుతోందంటే ఎప్పుడు మారుతోందో చూడాలి. ఎడమ మలుపు తిరిగి వచ్చాక ఎడమకీ, కుడి మలుపు తిరిగాక కుడికీ పోతోందా? మలుపు అయ్యాక స్టీరింగ్ దానంతటది మధ్యకి వస్తోందా, నువ్వే తిప్పుకొస్తున్నావా?

రెండో ప్రశ్న. ఇది మొదలవక ముందు బండికి ఏ పని చేయించావు? ఏదైనా సరే, చిన్నదైనా చెప్పు.

ఎనభై మీద స్టీరింగ్ వదిలి మాత్రం చూడొద్దు. ఖాళీ రోడ్డు మీద ముప్పై చాలు.

హైవే 65 | 3:40
అవునన్నా, మలుపు తిరిగినంక స్టీరింగ్ నేనే మధ్యకి తెచ్చుకోవాలె! ఇది పవర్ స్టీరింగ్ గట్టిపడిందని అనుకున్న. పని అంటే నెల కింద ముందు షాకప్‌లు రెండు మార్పిచ్చిన, గుంతలల్ల లటలట సప్పుడొస్తుందని. ఆ సప్పుడు పూర్తిగ పోయింది, కాబట్టి దానికి దీనికి సంబంధం లేదు.

పాత షెడ్డు | 4:10
సంబంధమంతా అక్కడే ఉంది. షాకప్ పైన, బాడీకి బిగించే చోట రబ్బరు మౌంటింగ్, దాని కింద బేరింగ్ ఉంటాయి. నువ్వు స్టీరింగ్ తిప్పితే షాకప్, దాని చుట్టూ స్ప్రింగు కలిసి ఆ బేరింగ్ మీద తిరగాలి. అది పట్టేస్తే స్ప్రింగు తిరగదు, తాడు మెలిపెట్టినట్టు మెలిపడుతుంది. మలుపు అయ్యాక ఆ మెలిక పూర్తిగా విప్పుకోదు, చక్రాన్ని ఆ పక్కకే పట్టి ఉంచుతుంది. తర్వాత అవతలి పక్కకి మలుపు తిరిగితే అవతలికి పడుతుంది. అలైన్‌మెంట్ మిషన్ దీన్ని చూపించదు, చక్రం తిన్నగా నిలబెట్టి కొలుస్తుంది కాబట్టి. షాకప్‌లు కొత్తవి వేసి, మౌంటింగ్, బేరింగ్ కిట్టు ఖర్చు ఎందుకని పాత బేరింగే మళ్లీ ఎక్కించి పంపుతారు. లేదంటే బేరింగ్ తిరగేసి పెడతారు. నా షెడ్డుకి అలా వచ్చిన బండ్లు లెక్కలేనన్ని.

ఇంటి దగ్గరే చూసుకోవచ్చు. బండి నేల మీదే ఉండాలి, జాకీ వద్దు. ఇంజిన్ ఆన్‌లో, న్యూట్రల్‌లో, హ్యాండ్ బ్రేకు గట్టిగా లాగి. ఒకరు లోపల కూర్చుని స్టీరింగ్ మెల్లగా ఆ చివర నుంచి ఈ చివరకి తిప్పాలి. నువ్వు చక్రం పైనుంచి చెయ్యి పెట్టి స్ప్రింగు మీద అరచెయ్యి ఆనించు. చుట్ల మధ్యలోకి వేళ్లు పోనీయకు, నలిగిపోతాయి. బాగున్న వైపు స్ప్రింగు చక్రంతో పాటు నునుపుగా తిరుగుతుంది. పట్టేసిన వైపు కాసేపు కదలదు, తర్వాత ఒక్కసారి చేతి కింద టంగుమని దూకుతుంది.

గాలి లెక్క | 4:30
చక్రాన్ని బండికీ స్టీరింగ్‌కీ కలిపే లోయర్ ఆర్మ్ బుష్‌లు, బాల్ జాయింట్లు, టై రాడ్ ఎండ్‌లు చూడకుండా నేరుగా షాకప్ మీద పడటం సరికాదండీ. లక్ష దాటిన బండి.

పాత షెడ్డు | 4:42
చూడాలి, కాదనను. చక్రాన్ని మూడు, తొమ్మిది గంటల దగ్గర పట్టుకుని కుదిపితే టై రాడ్ ఆట తెలుస్తుంది, పన్నెండు, ఆరు దగ్గర కుదిపితే బాల్ జాయింటు, చక్రం బేరింగ్ తెలుస్తాయి. కానీ అవి వదులైతే బండి తేలుతుంది, స్టీరింగ్ తేలికవుతుంది. ఇతను గట్టిగా ఉందంటున్నాడు, మధ్యకి రావట్లేదంటున్నాడు. వదులు కాదిది, బిగుతు.

రోడ్డు పనులు | 5:05
బిగుతు అంటే స్టీరింగ్ కాలమ్ కింది జాయింటు కూడా కావచ్చు కదా?

పాత షెడ్డు | 5:11
కావచ్చండి. స్ప్రింగులు రెండూ నునుపుగా తిరిగితే తర్వాత చూడాల్సింది అదే.

హైవే 65 | 6:20
తమ్మున్ని కూసోబెట్టి చూసిన. కుడి దిక్కు స్ప్రింగు సగం వరకు ఊరుకుంది, తరువాత టక్కున తిరిగింది, చేతికి దెబ్బలెక్క తగిలింది. ఎడమది మెల్లగనే తిరిగింది గాని కొంచెం గరగర అన్నట్టుంది. షాకప్ ఏసినాయనకు ఫోన్ చేస్తే 'బేరింగు బాగనే ఉండె, అదే పెట్టిన' అన్నడు.

పాత షెడ్డు | 6:28
గరగర అన్నదీ పోయినట్టే. రెండు పక్కలా మౌంటింగ్‌తో సహా బేరింగ్‌లు మార్పించు, ఒక పక్కే వద్దు. పైన నట్టు బిగించాక బండిని నేల మీద నిలబెట్టి మళ్లీ ఇదే పరీక్ష నీ చేత్తో చెయ్యి. షాకప్ విప్పితే టో మారుతుంది కాబట్టి ఆ తర్వాత ఒక్కసారి అలైన్‌మెంట్ తప్పదు. అది అయ్యేదాకా ఇంటోళ్లను ఆ బండిలో హైవే ఎక్కించకు.

షీటు చదివేవాడు | 6:40
కరెక్ట్. ఇప్పుడు చేయిస్తే నాలుగోసారి డబ్బు దండగ కాదు.

హైవే 65 | తర్వాతి శనివారం రాత్రి 9:15
పెండ్లికి పోయి వచ్చినం. కుడి దిక్కు బేరింగ్ మార్చిండు, లోపలంత తుప్పు, మట్టి. అలైన్‌మెంట్ అయింది. ఇప్పుడు స్టీరింగ్ దానంతటదే వస్తుంది. అందరికి థ్యాంక్స్ అన్నా. కొంచెం ఎడమకి పోతున్నట్టు ఉంది గాని పర్లేదు.

రోడ్డు పనులు | 9:22
ఆ కొంచెం ఎడమ రోడ్డు వాలే అయి ఉంటుంది.

పాత షెడ్డు | 9:30
తమ్ముడూ, ఎడమ పక్క బేరింగ్ మార్చలేదా?