1825లో హెన్రీ క్లే చేసింది బేరమా, కాదా?

చదువరి:
అమెరికా 1824 అధ్యక్ష ఎన్నికలో ఆండ్రూ జాక్సన్‌కు 99 ఎలక్టోరల్ ఓట్లు, జాన్ క్విన్సీ ఆడమ్స్‌కు 84, విలియం క్రాఫోర్డ్‌కు 41, హెన్రీ క్లేకు 37 వచ్చాయి. గెలవడానికి 131 కావాలి. ఎవరికీ రాలేదు కాబట్టి మొదటి ముగ్గురిలో ఒకరిని ప్రతినిధుల సభ ఎన్నుకోవలసి వచ్చింది. నాలుగో స్థానంలో మిగిలిన క్లే పోటీలో లేడు గాని, ఆ సభకు స్పీకర్ ఆయనే. 1825 ఫిబ్రవరి 9న క్లే మద్దతుతో సభ ఆడమ్స్‌ను గెలిపించింది. వారం తిరగకముందే ఆడమ్స్ క్లేకు విదేశాంగ మంత్రి పదవి ఇవ్వజూపాడు. జాక్సన్ మనుషులు దీన్ని ‘అవినీతి బేరం’ అన్నారు. నా మటుకు నాకు ఆ పేరు సరిగ్గానే అతికింది. కాదనేవాళ్లు ఎవరైనా ఉన్నారా?

ప్లీడరు గుమాస్తా:
నేనున్నాను. ఫలానావాడికి పదవి దక్కింది కాబట్టి దానికోసమే ఓటు వేయించాడనడం ఏ కోర్టులోనూ నిలవదు. క్లేకు జాక్సన్ అంటే పడకపోవడం 1825లో మొదలైంది కాదు. ఫ్లోరిడాలో సెమినోల్ ఆదివాసులతో యుద్ధం పేరుతో జాక్సన్ చేసిన పనులను 1819లోనే క్లే సభలో దులిపేశాడు. గ్రీసుకు అలెగ్జాండర్, రోముకు సీజర్, ఇంగ్లండుకు క్రామ్వెల్, ఫ్రాన్సుకు బోనపార్టీ దాపురించారు, మనం ఆ దారిలో పోవద్దన్నాడు. న్యూ ఆర్లియన్స్ యుద్ధంలో ఇంగ్లీషువాళ్లను చంపినంత మాత్రాన అధ్యక్ష పదవికి అర్హత వచ్చేస్తుందా అని ఎన్నికప్పుడు కూడా ఉత్తరం రాశాడు. క్రాఫోర్డ్ సంగతి చూస్తే 1823లోనే పక్షవాతంతో పడ్డాడు. ఇక మిగిలింది ఎవరు? రోడ్లు, కాలువలు, జాతీయ బ్యాంకు, దేశీయ పరిశ్రమలకు సుంకాల రక్షణ అన్నవి క్లే కార్యక్రమం. వాటికి దగ్గరగా ఉన్నది ఆడమ్స్ ఒక్కడే.

నీలిసిరా:
గుమాస్తా గారూ, మీ కక్షిదారు మీద సాక్ష్యం జాక్సన్ ఇంట్లో దొరకదు, ఆడమ్స్ డైరీలో దొరుకుతుంది. 1824 డిసెంబరు 17న కెంటకీ సభ్యుడు రాబర్ట్ లెచర్ ఆయన దగ్గరికి వచ్చాడు. ఈయన క్లేకు సన్నిహితుడు. కొత్త ప్రభుత్వంలో క్లేకు పెద్ద పీట ఉండాలన్నట్టు మాట కదిపాడు. తనకు మేలు జరుగుతుందంటే క్లే మద్దతిస్తాడన్నదే ఆ మాటల సారమని ఆడమ్స్ స్వయంగా రాసుకున్నాడు. తర్వాత జనవరి 9 సాయంత్రం క్లేనే వచ్చి చాలాసేపు కూర్చున్నాడు. ఇక లెక్క చూడండి. ఎన్నికలో క్లే గెలుచుకున్న కెంటకీ, ఒహాయో, మిస్సోరీ మూడూ సభలో ఆడమ్స్‌కు పడ్డాయి. రాష్ట్రానికి ఒక్క ఓటు. 24 రాష్ట్రాల్లో ఆడమ్స్‌కు వచ్చినవి సరిగ్గా 13. ఆ మూడూ తీసేస్తే పది!

ప్లీడరు గుమాస్తా:
అదే డైరీలో జనవరి 9 నాటి పేజీ కూడా చదవండి. తన స్వంత విషయమేదీ తేకుండా కొన్ని ముఖ్యమైన విధానాల మీద ఆడమ్స్ వైఖరి తెలుసుకోవాలని క్లే అడిగినట్టుంది. అంతకన్నా గట్టి సాక్షి మిస్సోరీ సెనేటర్ థామస్ హార్ట్ బెంటన్. ఆయన తర్వాత జాక్సన్ కుడిభుజం అయ్యాడు. క్లేను కాపాడవలసిన అవసరం లేని మనిషి. అయినా ఆడమ్స్‌కే ఓటు వేస్తానని క్లే తనతో డిసెంబరు మధ్యకు ముందే చెప్పాడని సాక్ష్యమిచ్చాడు. ఇక క్లే తరఫున తన దగ్గరికి బేరానికి వచ్చాడంటూ జాక్సన్ 1827లో చూపించిన సాక్షి జేమ్స్ బుకానన్. నేను క్లే తరఫున రాలేదు మొర్రో అని ఆయనే అడ్డం తిరిగాడు.

చదువరి:
మరి క్రేమర్ ఉత్తరం మాట? ఫిలడెల్ఫియా పత్రికలో పేరు లేకుండా బేరం ఆరోపణ రాగానే, రాసినవాడు బయటికి రావాలంటూ క్లే ద్వంద్వయుద్ధానికి పిలుస్తూ ప్రకటన ఇచ్చాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం కాదా?

ప్లీడరు గుమాస్తా:
తడుముకున్నాడు, నిజమే. ఆవేశపరుడు. కానీ తీరా నేనే రాశానని పెన్సిల్వేనియా సభ్యుడు జార్జ్ క్రేమర్ ఒప్పుకున్నాక క్లే విచారణ సంఘం వేయమన్నాడు. ఆ సంఘం ముందుకు రానన్నది క్రేమరే. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు, అంతకుమించి ఇందులో ఏమీ లేదు.

లెక్సింగ్టన్ వాసి:
తాటిచెట్టు కిందే కూర్చుని తాగమని ఎవరు చెప్పారండీ? నేను ఉండే ఊళ్లోనే క్లే ఇల్లు యాష్‌లాండ్ ఉంది. మా చుట్టాలు ఎవరు వచ్చినా తీసుకెళ్లి చూపిస్తాను, ఆయన మీద నాకు అభిమానమే. అయినా ఒక సంగతి మరిచిపోలేను. మా కెంటకీలో ఆడమ్స్‌కు జనం ఓట్లు లేనే లేవు. జాక్సన్‌కు వేయమని రాష్ట్ర శాసనసభ తీర్మానం చేసి పంపింది. అయినా ఇక్కడి సభ్యులు 8–4తో ఆడమ్స్‌కు వేశారు. అంతవరకు వాళ్ల హక్కు అనుకుందాం. ఆ తర్వాతయినా క్లే ఊరుకోవలసింది. మాడిసన్, మన్రో, ఆడమ్స్ వరుసగా ముగ్గురూ విదేశాంగ మంత్రి కుర్చీలోంచే అధ్యక్షులయ్యారు. అది మామూలు మంత్రి పదవి కాదు, వారసుడికి కట్టే పట్టం. దాన్ని తీసుకుని ‘నాకేం ఆశ లేదు’ అంటే ఎవరు నమ్ముతారు? వయసు మీరాక ఆ పదవి ఒప్పుకోవడం పొరపాటని క్లేనే అన్నాడు.

నీలిసిరా:
ఫలితం వచ్చిన రాత్రి అప్పటి అధ్యక్షుడు మన్రో ఇచ్చిన విందులో జాక్సన్ మర్యాదగా ఆడమ్స్‌కు అభినందనలు చెప్పాడు. క్లే నియామకం సంగతి తెలిశాకే క్లేను ‘పశ్చిమ దేశపు జూడాస్’ (క్రీస్తును పట్టిచ్చిన ద్రోహి పేరు) అన్న మాట జాక్సన్ నోట పుట్టింది. అంటే మంట రాజేసింది ఓటు కాదు, పదవి. లెక్సింగ్టన్ వాసి గారి మాటకు ఇది బలం.

ప్లీడరు గుమాస్తా:
తెలివితక్కువ పని అంటే ఒప్పుకుంటాను. అవినీతి అంటే ఒప్పుకోను. రెండూ ఒకటి కావు. దీనికి ఆయన కట్టిన వెల చూడండి. 1826లో సెనేట్‌లో జాన్ రాండాల్ఫ్ ఆడమ్స్‌నూ క్లేనూ కలిపి ప్యూరిటన్ (మడి కట్టుకున్న మతనిష్ఠాపరుడు), జూదగాడు ఒక్కటయ్యారని వెక్కిరిస్తే పిస్తోళ్లదాకా వెళ్లింది. క్లే గుండు రాండాల్ఫ్ కోటుకు చిల్లి పెట్టింది. కోటు బాకీ పడ్డారని ఆయన అంటే, బాకీ అంతకు మించనందుకు సంతోషమన్నాడట క్లే. (జూదగాడన్నది పూర్తిగా అబద్ధమూ కాదు. 1814లో ఘెంట్‌లో ఇంగ్లండుతో సంధి చర్చలప్పుడు ఆడమ్స్ తెల్లవారుజామున నిద్ర లేచే వేళకు క్లే గదిలో పేకాట ముగిసేది.) 1828లో ఆడమ్స్ 178–83తో ఓడాడు. క్లే 1832లో, 1844లో ఓడాడు.

చదువరి:
క్లే మీద నా కోపం సగం దిగింది, ఆ సగం ఆడమ్స్ మీదకు మళ్లింది. లెచర్ మాటల్లోని సారాన్ని డిసెంబరులో అంత స్పష్టంగా డైరీలో రాసుకున్నవాడు, ఫిబ్రవరిలో ఆ మనిషికే ఆ పదవి ఎలా ఇచ్చాడు? జనం ఏమనుకుంటారో తెలియనివాడు కాదు. గుమాస్తా గారూ, ఈ కక్షిదారు కేసు కూడా మీరే తీసుకుంటారా?