వేలం షీట్‌లో హెచ్చు పాట ఎవరిదో తేలట్లేదు, కాస్త చూడండి

తూనీగ:
పొద్దుట్నుంచి దీంతోనే కుస్తీ పడుతున్నాను, ఇంక నావల్ల కాదు. శరణార్థుల సాయం కోసం మా బృందం తరఫున వేలం పెట్టాం. జనం ఇచ్చిన వస్తువులు, ఆన్‌లైన్ ఫారంలో పాటలు. నిన్న ముగిసింది. మిగతావన్నీ బానే ఉన్నాయి, ఒక్క నీటిరంగుల బొమ్మ దగ్గరే చిక్కు. పెద్ద నుంచి చిన్నకి సార్ట్ చేస్తే ఒకావిడ పేరు పైన వస్తోంది. ఫోన్లో ఒక్కో వరసా చూసుకుంటూ పోతే ఇంకొకాయన ఎక్కువ పాడినట్టు కనిపిస్తోంది. షీట్ కాపీ తీసి వేరేచోట పెట్టినా అదే. ఏం చేయాలి?

సూటిగా:
అంకెలు గడిలో ఎడమవైపున్నాయా, కుడివైపా?

తూనీగ:
అదేం ప్రశ్నండీ! కొన్ని అటు, కొన్ని ఇటు.

సూటిగా:
ఎడమవైపువి టెక్స్ట్.

నది అవతల:
అసలు విషయం వదిలేసి షీట్ల గురించి మాట్లాడుతున్నాం. తూనీగ గారూ, "శరణార్థులు" అన్నారు. ఎవరు వాళ్ళు? దేశం దాటి వచ్చినవాళ్ళా? 1951 నాటి ఐక్యరాజ్య సమితి శరణార్థుల ఒప్పందం ప్రకారం శరణార్థి అంటే సొంత దేశం బయట ఉండాలి. జాతి, మతం, జాతీయత, ఫలానా సామాజిక వర్గం, రాజకీయ అభిప్రాయం, వీటిలో ఏదో ఒక కారణంగా వేధిస్తారన్న సహేతుకమైన భయం ఉండాలి. మొదట్లో అది 1951 జనవరి 1కి ముందు జరిగిన సంఘటనలకే వర్తించేది. ఆ గడువు తీసేసింది దానికి అనుబంధంగా వచ్చిన 1967 ప్రోటోకాల్. ఊరికే ఇల్లు వదిలిన ప్రతివాళ్ళనీ ఆ మాటతో పిలవకూడదు.

తూనీగ:
అయ్యా, నా ప్రశ్న సార్టింగ్ గురించి. వాళ్ళు గొడవల్లో ఊళ్ళు వదిలేసి శిబిరాల్లో ఉన్న కుటుంబాలు. అదే దేశంలో. చాలా?

నది అవతల:
అయితే వాళ్ళు శరణార్థులు కారు, అంతర్గత నిర్వాసితులు. వాళ్ళ విషయంలో 1998 నాటి ఐక్యరాజ్య సమితి మార్గదర్శక సూత్రాలు ఉన్నాయి గానీ శరణార్థుల ఒప్పందంలాంటి ప్రపంచవ్యాప్త ఒప్పందం లేదు. 

పాతలెక్కలు:
తూనీగ గారూ, సూటిగా గారు చెప్పింది విడమరుస్తాను. ఫారంలో ధర గడిని మామూలు జవాబుగా వదిలేసి ఉంటారు. ఒకరు 12000 అని కొడతారు, ఇంకొకరు 12,000/- అని, మరొకరు "పన్నెండు వేలు" అని. అంకెల పక్కన /- లాంటి గుర్తో, మాటో తగిలితే షీట్ దాన్ని మాటగా (టెక్స్ట్) చదువుతుంది. మాటల్ని నిఘంటువులో లాగా మొదటి అక్షరాన్ని బట్టి పేరుస్తుంది. ఒకటి కంటే తొమ్మిది పెద్దది కదా, అందుకని 9500/- వెళ్ళి 12,000/- నెత్తిన కూర్చుంటుంది. ఆవిడ పాట తొమ్మిదితోనో ఎనిమిదితోనో మొదలై ఉంటుంది చూడండి.

మందు ఇది. అసలు షీట్ ముట్టుకోకుండా ఒక కాపీ తీయండి. కాపీలో ఫైండ్ అండ్ రీప్లేస్‌తో /- గుర్తులూ, "రూ", "మాత్రమే" లాంటి తోకలూ, ఖాళీలూ, కామాలూ తీసేయండి. మాటల్లో రాసినవాటిని చేత్తో అంకెల్లోకి మార్చుకోవాలి. తర్వాత ఆ నిలువు వరస మొత్తాన్ని ఎంచుకుని ఫార్మాట్‌లో నంబర్ పెట్టండి. అన్నీ కుడివైపుకి జరిగాక సార్ట్ చేయండి. ఎడమన ఒక్కటి మిగిలినా ఫలితాన్ని నమ్మకండి. పైసారి ఫారంలో ఆ ప్రశ్న కింద "సంఖ్య మాత్రమే" అన్న నిబంధన పెట్టేస్తే ఈ బాధ ఉండదు.

మూడోసారి:
ఈ తిప్పలన్నీ బహిరంగ పాట పెట్టడం వల్ల. సీల్డ్ పద్ధతి పెట్టాల్సింది: అందరూ ఒక్కసారే రహస్యంగా రాస్తారు, ఎక్కువ రాసినవాళ్ళు గెలుస్తారు, కట్టేది మాత్రం రెండో హెచ్చు పాట. విలియం విక్రీ అనే ఆర్థికవేత్త 1961లో దీని మీదే పేపర్ రాశారు, 1996లో నోబెల్ వచ్చింది. తపాలా బిళ్ళలు అమ్మేవాళ్ళయితే అంతకుముందే, 19వ శతాబ్దం చివర్లోనే, ఉత్తరాల ద్వారా ఇలాగే పాడించుకున్నారు. ఈ పద్ధతిలో ఎవరైనా తమ మనసులో ఉన్న ధరే రాస్తారు, ఎత్తులు వేయాల్సిన పని ఉండదు.

సూటిగా:
తూనీగ గారి వేలం అయిపోయింది.

మూడోసారి:
వచ్చేసారికి చెబుతున్నాను. ధరావతు కూడా తీసుకోలేదనుకుంటా. ధరావతు లేని పాట గాలిపాట.

తూనీగ:
పాతలెక్కలు గారూ, పనిచేసింది. ఆవిడది 9800/- అట, పైకి ఎక్కి కూర్చుంది. ఆయనది 11,500. అయితే ఇప్పుడు ఇంకో తలనొప్పి. ఆవిడకి రాత్రే "మీరే గెలిచారు" అని చెప్పేశాం, డబ్బు కూడా పంపేశారు.

పాతలెక్కలు:
ఈ సంగతి పైన ఎక్కడా చెప్పలేదు మీరు!

తూనీగ:
చెప్పాననుకున్నాను. ఇంకోటి, ఆయన పాట పడింది 9:40కి. వేలం రాత్రి తొమ్మిదికి ముగింపు. కానీ ఆయన ఉండేది వేరే దేశం, అక్కడ అప్పటికి తొమ్మిది కాలేదంటున్నారు.

సూటిగా:
ప్రకటనలో ఎవరి తొమ్మిది అని రాశారు?

తూనీగ:
రాత్రి తొమ్మిది అని రాశాం.

మూడోసారి:
😀

పాతలెక్కలు:
నవ్వకండి, చాలాచోట్ల జరిగేదే. తూనీగ గారూ, ముందు షీట్ సెట్టింగ్స్‌లో టైమ్ జోన్ ఏముందో చూడండి. ఫారం వేసే సమయం ఆ జోన్‌దే, పాడినాయన ఎక్కడ కూర్చున్నారన్నదానితో సంబంధం లేదు. ఆ జోన్ మీ ఊరిది కాకుండా ఇంకేదో ఉంటే ఆ 9:40 మీ 9:40 కూడా కాకపోవచ్చు. అది తేలేదాకా ఇద్దరిలో ఎవరికీ ఇంకో మెసేజ్ పెట్టకండి.

మీ లెక్కన తొమ్మిదికి ముందే పడిందని తేలితే బొమ్మ ఆయనది. ఆవిడ డబ్బు పూర్తిగా వెనక్కి పంపండి. ఆన్‌లైన్ చెల్లింపుల గేట్‌వే కోసుకున్న రుసుము ఉంటే అది మీరు భరించండి. "పోనీ విరాళంగా ఉంచేయమంటారా" అని ముందే అడగొద్దు, మొహమాటపెట్టినట్టవుతుంది. తొమ్మిది దాటాకే అయితే, ప్రకటనలో జోన్ లేదు కాబట్టి ఆయన వాదనలోనూ న్యాయం ఉంది. అప్పుడు ఇద్దరికీ ఒకే ఉత్తరం రాయండి, జరిగింది జరిగినట్టు, రెండు పాటలూ, రెండు సమయాలూ చూపించి. చిత్రకారులు ఒప్పుకుంటే రెండో బొమ్మ వేయించి ఎవరి పాటకి వాళ్ళకి ఇవ్వొచ్చు. ఆయనతో విడిగా మాట్లాడి ఇంకాస్త పెంచమనడం మాత్రం వద్దు. ఆ సంగతి బయటపడితే మళ్ళీ మీ వేలానికి ఎవరూ రారు.

నది అవతల:
ప్రకటనలో "శరణార్థుల కోసం" అని కూడా రాశారా? అయితే అదీ సరిదిద్దాలి. డబ్బిచ్చినవాళ్ళకి ఎవరి పేరు చెప్పి తీసుకున్నారో వాళ్ళకే చేరాలి.

మూడోసారి:
ఐక్యరాజ్య సమితి శరణార్థుల సంస్థ యూఎన్‌హెచ్‌సీఆర్ కూడా నిర్వాసితుల శిబిరాల్లో పనిచేస్తుంది సార్. కాందిశీకులన్నా, శరణార్థులన్నా, జనానికి అర్థమైంది.

నది అవతల:
పనిచేస్తుంది, కాదనలేదు. హోదా వేరు, సాయం వేరు. శరణార్థిని ప్రమాదంలోకి వెనక్కి పంపకూడదని ఒప్పందంలోని 33వ అధికరణం చెబుతుంది. సొంత దేశంలోనే ఉన్నవాళ్ళకి ఆ రక్షణ ఎక్కడ? 1969 ఆఫ్రికా ఒప్పందం నిర్వచనాన్ని పెంచి యుద్ధం నుంచి పారిపోయినవాళ్ళనీ చేర్చింది, కానీ అందులోనూ దేశం దాటాల్సిందే.

సూటిగా:
ప్రకటనలో ఒక వాక్యం చేరిస్తే సరిపోతుంది. "ఊళ్ళు వదిలి శిబిరాల్లో ఉన్న కుటుంబాలకు". అయిపోయింది.

పాతలెక్కలు:
రసీదుల సంగతి కూడా చూసుకోండి. చాలా దేశాల్లో వేలంలో కొన్న వస్తువు బజారు విలువ పోగా మిగిలినదే విరాళం కింద లెక్క. మొత్తానికి విరాళం రసీదు రాసిస్తే పన్ను దగ్గర కొన్నవాళ్ళే ఇరుక్కుంటారు. మీ దేశం ఏదో చెప్పలేదు, అక్కడి లెక్కల మనిషిని అడగండి. ఇంకోటి, అన్ని వస్తువులూ ఒకే నిమిషంలో ముగించకండి. పది నిమిషాల తేడాతో ఒక్కొక్కటీ ముగిస్తే, ఆఖరి రెండు నిమిషాల్లో పాట పడినప్పుడు గడువు ఇంకో ఐదు నిమిషాలు జరిపితే, చివరి క్షణం దాకా కాచుక్కూర్చునేవాళ్ళ ఆట కట్టు.

మూడోసారి:
సీల్డ్ పాటలో ఆ ఆటే ఉండదు.

తూనీగ:
సరే, థాంక్స్ అందరికీ. ఆవిడకి ఫోన్ చేయాలి, తర్వాత చూస్తాను.

పాతలెక్కలు:
ముందు టైమ్ జోన్ చూడండి, తర్వాత ఫోన్!

నది అవతల:
మూడోసారి గారూ, శరణార్థుల మీద వచ్చిన 1984 కార్తహేనా ప్రకటన సంగతి కూడా చెప్పాలి మీకు. లాటిన్ అమెరికాలో...

చిట్టిచిలక:
నాదీ ఇదే సమస్య. ఫోన్ యాప్‌లో టైమ్ జోన్ సెట్టింగ్ కనబడట్లేదు, ఎక్కడుంటుంది?