రూమ్మేట్ తనకి జరిగింది చెప్పింది, నేను నోరు జారాను. ఇప్పుడెలా?

ప్రశ్న (పీజీ_పిల్ల):
మా రూమ్మేట్ మీద ఐదు నెలల కిందట తెలిసినవాడే అఘాయిత్యం చేశాడు, నాకు పోయిన వారమే చెప్పింది. రాత్రి తలుపు గడియ నాలుగైదుసార్లు లేచి చూసుకుంటది, లైటు ఆర్పనివ్వదు, మొన్న వెనకనుంచి పిలిస్తే ఉలిక్కిపడి చేతిలో గ్లాసు వదిలేసింది. విన్నప్పుడు నేను "మరి అరవలేదా" అన్నాను, అప్పట్నుంచి ముభావంగా ఉంటోంది. వాళ్ళక్కేమో "పెళ్లి కావాల్సినదానివి, ఎవరికీ చెప్పకు" అందంట. ఎక్కడికి తీసుకెళ్లాలి? కేసు పెట్టమని గట్టిగా చెప్పాలా?

రిప్లై (గోంగూర):
నాకూ జరిగింది, 2017లో. మా పిన్ని సరిగ్గా ఇదే మాట అడిగింది, ఏళ్ల తరబడి చెవుల్లో అదే. ఆ టైంలో ఒళ్లు కొయ్యబారిపోద్ది, గొంతు పెగలదు, దాన్ని ఒప్పుకోవడం అనరు. వెళ్లి సారీ చెప్పు, "అలా అడగాల్సింది కాదు, నీ తప్పేం లేదు" అను చాలు, ఇంక క్లాసు పీకకు. అప్పట్లో నా పక్క బెడ్ అమ్మాయి ఏదీ అడిగేది కాదు, సాయంత్రం టీ తెచ్చి పక్కన కూర్చుని తన ఆఫీసు గొడవలు చెప్పేది, నాకు అదే పెద్ద మందు.

రిప్లై (నైట్‌డ్యూటీ):
సైకియాట్రీ వార్డులో నర్సుని. ఇలా గడియ చూసుకోవడం, ఉలిక్కిపడటం నెల దాటినా తగ్గకపోతే పీటీఎస్‌డీ (పెద్ద దెబ్బ తగిలాక మనసులో ఉండిపోయే భయం జబ్బు) అయ్యుండొచ్చు, థెరపీతో చాలామందికి తగ్గుద్ది, తనని పిచ్చిదాన్లా చూడొద్దు. టెలీ మానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, ఫ్రీ. హైదరాబాద్ అయితే 2016 నుంచి భరోసా సెంటర్ ఉంది, జిల్లాల్లో సఖి సెంటర్లు, రెండూ ఇలాంటివి జరిగిన ఆడవాళ్లకి సాయం చేసేవే, మహిళా హెల్ప్‌లైన్ 181కి చేసినా దారి చెప్తారు. కౌన్సెలింగ్‌కి ఎఫ్ఐఆర్ అక్కర్లేదు. కేసు మాత్రం తన ఇష్టం, ఒకసారి తన మాట లేకుండా జరిగింది కదా, ఇదైనా తన చేతిలో ఉండనివ్వు. (మైనర్ అయితే వేరే, పిల్లల మీద లైంగిక నేరాల చట్టం పోక్సో కింద పోలీసులకి చెప్పి తీరాలి.)

రిప్లై (సైలెంట్_రీడర్):
ఐదు నెలలయ్యాక కేసు నిలబడుద్దా?

నైట్‌డ్యూటీ:
లేటైందని మాత్రమే కేసు కొట్టెయ్యరు. రేప్ కేసుల్లో ఒంటి లోపల వేళ్లు పెట్టి చేసే ఆ రెండు వేళ్ల టెస్టు గురించి భయపడుతుంటే చెప్పండి, 2022లో సుప్రీంకోర్టు అది ఎవరు చేసినా దుష్ప్రవర్తన కిందే లెక్క అంది.

పీజీ_పిల్ల:
సారీ చెప్పా. ఏమీ అనలేదు. రాత్రి గడియ నేనే లేచి చూసి "వేసే ఉంది" అన్నా, సరే అని అటు తిరిగి పడుకుంది. 14416 నంబర్ రాసి తన దిండు పక్కన పెట్టా.