ఐసోటోనిక్‌ను ‘సమగాఢత’ అనవచ్చా?

బరంపురం పెద్దమ్మ: అమ్మకు సెలైన్ ఎక్కించారు. ఉత్త నీళ్లు ఎందుకు ఎక్కించరని అడిగింది. ఐసోటోనిక్ (రక్తకణాలు ఉబ్బకుండా, ముడుచుకోకుండా ఉంచే ద్రావణం) కావాలని మా చెల్లెలి కూతురు చెప్పబోయి తెలుగు మాట దొరక్క ఆగిపోయింది. పాత నోట్సులో ‘సమగాఢత’ అని ఉంది. సరైనదేనా?

గుణుపురం మాస్టారు: తప్పు. ఆసుపత్రి సీసాలు చూడండి. ఒకదానిమీద సోడియం క్లోరైడ్ 0.9 శాతం, ఇంకోదానిమీద డెక్స్‌ట్రోజ్ 5 శాతం. సీసాలో రెండూ ఐసోటోనిక్కే. గాఢత ఎక్కడ సమానం? సమానమయ్యేది ద్రవాభిసరణ పీడనం, అంటే పొర దాటి నీటిని లాక్కునే బలం.

పర్లాకిమిడి రసాయనం: శాతం కాదు, నీటిలో కరిగిన కణాల లెక్క చూడాలి మాస్టారూ. ఆ లెక్కకు కొలత మిల్లీమోల్. లీటరులో 9 గ్రాముల ఉప్పు 154 మిల్లీమోల్‌లు. సోడియం, క్లోరైడ్‌లుగా విడిపోతే 308. డెక్స్‌ట్రోజ్ అంటే గ్లూకోజే, అది విడిపోదు, 50 గ్రాములకు 278. ‘సమగాఢత’ అన్న మాట నిలుస్తుంది.

గుణుపురం మాస్టారు: 308, 278 సమానమా?

కొరాపుట్ నర్సు: మా వార్డులో రెండింటినీ గ్లూకోజు బాటిలే అంటారు.

పర్లాకిమిడి రసాయనం: రక్తం లెక్క 290 దరిదాపుల్లో ఉంటుంది. ఆ కాస్త తేడాకు రక్తకణం పగలదు.

గుణుపురం మాస్టారు: 1.8 శాతం యూరియా ద్రావణంలో మీ కణాల లెక్క 300. అందులో ఎర్ర రక్తకణాలను వేయండి. యూరియా పొర దాటి లోపలికి పోతుంది, వెనకే నీరూ పోతుంది, కణం ఉబ్బి పగులుతుంది. ఇది సమగాఢతేనా?

పర్లాకిమిడి రసాయనం: ఆ యూరియాకు ద్రవాభిసరణ పీడనమూ సమానమే కదా! మీ నిర్వచనమూ పోయింది.

గుణుపురం మాస్టారు: పోనివ్వండి. అందుకే ఐసోటోనిక్ అనే ఉంచాలి. గ్రీకులో టోనోస్ అంటే బిగువు. అది మన మాటల్లో ఇమడదు.

పర్లాకిమిడి రసాయనం: ఇదా మీ మనసులో మాట? శ్రీకాకుళంలో చదువుకునేటప్పుడు నేను ఐసోటోనిక్ అని రాస్తే, ఒడిశా తెలుగువాడికి తెలుగు రాదని తరగతి ముందు నిలబెట్టారు. ఆ కసితో ఒక్కో పదం నేర్చుకున్నాను. ఇప్పుడు మనవాళ్లే వద్దంటున్నారు.

గుణుపురం మాస్టారు: మీ అవమానం నాకు అర్థమవుతుంది. నా పిల్లలు ఇంట్లో తెలుగు, బయట ఒడియా, పుస్తకంలో ఇంగ్లీషు మోస్తున్నారు. నాలుగో బరువుగా తప్పుదారి పట్టించే పదం ఎందుకు పెట్టాలి?

బరంపురం పెద్దమ్మ: పిల్ల ఎండుద్రాక్షలు తెచ్చి చూపించింది. రాత్రి నీళ్లలో వేసినవి ఉబ్బాయి, పాకంలో వేసినవి ముడతలు పడే ఉన్నాయి. ‘ఉబ్బనీయకుండా, ముడవనీయకుండా బిగువు కుదిరిన నీళ్లు అమ్మమ్మా’ అంది. అమ్మ తల ఊపింది.

పర్లాకిమిడి రసాయనం: వివరణ బాగుంది. కానీ అది పారిభాషిక పదం కాదు.