సెప్టెంబర్‌లో గ్రీన్స్‌కి చిల్లులు, ఫీజు మాత్రం పూర్తిగా: న్యాయమేనా?

జెర్సీ_శ్రీను: న్యూజెర్సీలో గోల్ఫ్‌కి సెప్టెంబర్‌ని మించిన నెల లేదు. సరిగ్గా ఇప్పుడే మా పబ్లిక్ కోర్సు వాళ్లు గ్రీన్లన్నీ, అంటే బంతి వేసే గుంట చుట్టూ ఉండే నున్నటి గడ్డి జాగాలన్నీ, పొడిచి, మీద ఇసుక పోసి పెట్టారు. గుంటలోకి మెల్లగా నెట్టే నాలుగడుగుల పుట్ కొడితే బంతి గతుకుల రోడ్డు మీద ఆటోలా ఎగురుకుంటూ పోయింది. బుక్ చేసినప్పుడు ఒక్క మాట చెప్పలేదు. ఎవరూ ఆడని నవంబర్‌లో చేసుకోవచ్చుగా?

గడ్డిపరక: శ్రీను గారూ, ఒహాయోలో రెండు సీజన్లు కోర్సు మెయింటెనెన్స్‌లో పనిచేశాను, అందుకే చెప్తున్నా. అక్కడి గ్రీన్స్‌లో ఉండేది బెంట్‌గ్రాస్, చల్లదనం కోరే గడ్డి. వేసవి ఎండకి వేళ్లు పొట్టిబడిపోతాయి, రాత్రులు చల్లబడ్డాక మళ్లీ దిగుతాయి. అప్పుడు పొడిస్తే రెండు మూడు వారాల్లో చిల్లు పూడుతుంది. నవంబర్‌లో పెరుగుదల దాదాపు ఆగిపోతుంది.

పొడవకపోతే? రోజూ సుమారు 3 మిల్లీమీటర్ల ఎత్తుకి కోస్తూ, అందరూ తొక్కుతూ ఉంటే నేల బిగుసుకుంటుంది. చచ్చిన కాడలూ వేళ్లూ పొరలా పేరుకుంటాయి. వానకి ఆ పొర స్పాంజీలా నీళ్లు పట్టుకుంటే వేళ్లకి గాలి అందదు. అరంగుళం గొట్టాలు రెండంగుళాలకొకటి దింపినా, జల్లెడలా కనిపిస్తుందే గానీ లేచిపోయేది 5 శాతం జాగా.

కోనసీమ_కుర్రాడు: అంటే మా కొబ్బరి చెట్ల మొదళ్లు గుల్ల చేసినట్టే! మన దేశంలో చాలా గ్రీన్స్‌లో వేసే బెర్ముడా గడ్డి మన వినాయకుడి గరిక జాతే. దానికి ఎండే బలం కాబట్టి ఈ పొడిచే పని కూడా వేడి కాలంలోనే.

వేణు_24: నవంబర్‌లో చేసేవాళ్లూ ఉన్నారండీ, చిల్లుల నిండా ఇసుక కూరి. మచ్చలు వసంతం దాకా కనిపిస్తాయి, అంతే. ‘కుదరదు’ అనకండి, ‘మాకు నచ్చదు’ అనండి.

గడ్డిపరక: సరే, ఒప్పుకున్నా. నిజానికి నా ఓటు ఆగస్టు చివరికి. మట్టి చల్లబడేకొద్దీ పోవా అనే కలుపు మొలుస్తుంది, ఖాళీ చిల్లు దొరికిందా ముందు దూరేది అదే. కాకపోతే ఆగస్టులో వడగాడ్పు తగిలితే బెంట్‌గ్రాస్‌కే ప్రమాదం. ఆ టెన్షన్‌తోనే సెప్టెంబర్‌కి జరుపుతారు.

వేణు_24: గడ్డి సంగతి మీరు చూసుకోండి. పొడిచిన సంగతి టీ టైమ్ (ఆట మొదలుపెట్టే సమయం) బుక్ చేసే చోటే రాయాలి, ఆ వారాలు ఫీజు తగ్గించాలి. చిరిగిన చీరని కొత్త చీర ధరకి ఎవరైనా అమ్ముతారా?

జెర్సీ_శ్రీను: ఫోన్ చేసి అడిగాను. వచ్చేసారి సగం ఫీజే అన్నారు. కాకపోతే వారంలోపే రావాలట, అంటే చిల్లులు పూడకముందే!